కాటాకు అందే నిబంధనలే రాసుకోవాలి: ఔత్సాహిక కారు రేసుల్లో మార్పుల లెక్క

ఔత్సాహిక కారు రేసు పెట్టుకుందామని నలుగురు కూర్చుంటే మొదటి తగవు కార్లకు చేసే మార్పుల దగ్గరే వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చినవారు అదేమంత పెద్ద మార్పు అంటారు. షాక్ అబ్జార్బర్లు వేయించినవారు అది బండి భద్రత కోసమే అంటారు. ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ తిరగరాయించినవారు కంటికి కనిపించని దానికి పేచీ ఎందుకంటారు. తరచి చూస్తే, ప్రతి ఒక్కరూ తాము ఇప్పటికే డబ్బు పెట్టినంత మేరకు అనుమతించి ఆ పైన గీత గీయమంటున్నారు. అలా పుట్టిన నిబంధనల పుస్తకం ఒక సీజన్ కూడా నిలవదు. గీత ఎక్కడ గీయాలో తేల్చడానికి ఎవరి కారుతోనూ సంబంధం లేని కొలమానం ఒకటి కావాలి.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పరిస్థితిని ముందు పెట్టుకుంటే ఆ కొలమానం దొరకడం సులువవుతుంది. ఒకవైపు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి, మరోవైపు బెంగళూరు వెళ్ళే 44వ నంబరు రహదారి. చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా మెకానిక్ షెడ్లకు, చేతులు మారిన పాత స్విఫ్ట్‌లకు, పోలోలకు కొదవ లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు కూడా జరిగింది. అయితే అది నగర వీధుల్లో తాత్కాలికంగా కట్టిన ట్రాక్. శాశ్వత సర్క్యూట్లలో పేరున్నవి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో, ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో ఉన్నాయి. నల్లగొండ నుంచి చెన్నై వెళ్ళి రావాలంటే వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. కాబట్టి ఇక్కడ సాధ్యమయ్యేవి రెండే. చల్క నేల మీద కోన్లు పెట్టి ఒక్కో కారునూ గడియారంతో పోటీకి దింపే ఆటోక్రాస్ ఒకటి. విశాలమైన, మూసి ఉన్న ఆవరణలో తారు మీదో కాంక్రీటు మీదో జరిపే టైమ్ ట్రయల్ రెండోది. రెండింటిలోనూ కార్లు పక్కపక్కన పరిగెత్తవు. పోటీదారుల్లో చాలామంది ఏ కారులో వచ్చారో ఆ కారులోనే ఇంటికి తిరిగి వెళ్తారు.

ఈ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ నిబంధనల్లో సగాన్ని అదే రాసేస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వాటికి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్, అనుమతి లేకుండా వాహనాన్ని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చంటోంది. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బహిరంగ స్థలంలో రేసు పెడితే 189వ సెక్షన్ వర్తిస్తుంది. మైదానంలో చెల్లుబాటయ్యే కారు ఆ సాయంత్రం నార్కట్‌పల్లి చౌరస్తాలో నేరం అవుతుందంటే, అలాంటి మార్పును ప్రోత్సహించే నిబంధన రాసినవారిదీ తప్పే. అందుకే ఇంటి నుంచి నడుపుకుంటూ వచ్చే కార్లకు ఒక విభాగం, ట్రాలీ మీదో లారీ మీదో తెచ్చే కార్లకు ఇంకో విభాగం ఉండడం అవసరం. మొదటి విభాగంలో చట్టం ఒప్పుకోని మార్పు ఏదీ జాబితాలో కనిపించకూడదు.

చట్టానికి లోబడిన మార్పుల్లోనూ అన్నిటినీ ఒప్పుకోలేం. ప్రతి మార్పునూ రెండు ప్రశ్నలతో తూచాలి. ఒకరు ఈ మార్పు చేసుకుంటే మిగతావారంతా గత్యంతరం లేక చేసుకోవలసి వస్తుందా? ఎవరైనా దీన్ని హద్దు దాటి చేస్తే, పోటీ జరిగే చోటే, ఉన్న పనిముట్లతో పట్టుకోగలమా? మొదటి దానికి అవుననీ, రెండో దానికి లేదనీ జవాబు వస్తే ఆ మార్పు మీద పెట్టే ఏ నిబంధనైనా నిజాయతీపరుడి చేతులు మాత్రమే కట్టేస్తుంది. మేళ్ళచెరువు శివరాత్రి జాతరలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఆ పోటీల్లో ఎడ్లను పళ్ళను బట్టి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విడదీస్తారు. పొలం పనిచేసే ఎడ్లకు సేద్యపు విభాగం వేరే ఉంటుంది. పోటీ కోసమే మేపిన జత పక్కన దుక్కి ఎడ్లను నిలబెట్టరు. పైగా విభజనకు పెట్టుకున్న ఆధారం నోరు తెరిచి చూస్తే తెలిసిపోయేది. కార్ల నిబంధనలకు లోపిస్తున్నది సరిగ్గా ఈ గుణమే.

ఈ తూకానికి ముందుగా నిలబెట్టాల్సింది టైర్లను. ఔత్సాహిక రేసుల్లో అతి తక్కువ శ్రమతో అతి ఎక్కువ సమయాన్ని మిగిల్చేవి అవే. ఇంజిన్ మీద ఎంత ఖర్చు పెట్టినా ఆ బలం నేలకు చేరేది నాలుగు అరచేతులంత రబ్బరు మీదుగానే. మెత్తటి రబ్బరు త్వరగా అరిగిపోతుంది కాబట్టి, ప్రతి పోటీకీ కొత్త సెట్టు కొనగలిగినవారే గెలుస్తారు. దీన్ని అదుపు చేయడానికి అమెరికాలో ఒక దారి పట్టారు. అక్కడ టైరు పక్కగోడ మీద అరుగుదలను తెలిపే ట్రెడ్‌వేర్ సంఖ్య అచ్చువేస్తారు. ఆ సంఖ్య ఎంత ఎక్కువైతే టైరు అంత ఎక్కువ కాలం మన్నుతుందని అర్థం. వీధి కార్ల విభాగాల్లో అది 200కు తగ్గకూడదని అక్కడి స్పోర్ట్స్ కార్ క్లబ్ నిబంధన పెట్టింది. చూడ్డానికి చక్కటి నిబంధన. మైదానంలో కూర్చున్న తనిఖీదారు వంగి చదివితే చాలు. కానీ ఆ సంఖ్యను వేసేది తయారీదారే. కొన్ని కంపెనీలు పక్కగోడ మీద 200 అని ఉంచి, పట్టులో రేసు టైర్లకు దగ్గరగా ఉండే రకాలను మార్కెట్లోకి తెచ్చాయి. అంకె మారలేదు, పట్టు మారింది, పాత టైర్లున్నవారు వెనకబడ్డారు.

ఆ అనుభవం చూశాక ఇక్కడ సంఖ్యను నమ్ముకోవడం కంటే టైరు పేరునే నిర్ణయించడం మేలు. ఏడాది మొదట్లో, ఈ ప్రాంతపు దుకాణాల్లో మామూలుగా దొరికే రెండు మూడు రకాల పేర్లు ప్రకటించాలి. మొదటి విభాగంలో అవి తప్ప వేరేవి వద్దు. కారుతో వచ్చిన కొలతలోనే ఉండాలి. సీజన్‌కు ఒక్కో కారుకు ఇన్ని టైర్లని హద్దు పెట్టి, ప్రతి టైరు మీద రంగు గుర్తు వేసి, దాని మీద ఉండే తయారీ వారం, ఏడాది అంకెలను పుస్తకంలో రాసుకోవాలి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైనదని ఎవరైనా చదవగలరు. ఈ ఒక్క పని కచ్చితంగా జరిగితే మిగతా మార్పుల మీద తగవుల తీవ్రత సగం తగ్గుతుంది. ఎందుకంటే టైరు పట్టు ఒక స్థాయిలో ఆగిపోయాక అదనపు బలం చక్రాలు గిర్రున తిరగడానికే ఖర్చవుతుంది. చల్క నేల మీద అయితే మరీను.

సస్పెన్షన్ విషయంలో అంత కటువుగా ఉండనక్కర లేదు. షాక్ అబ్జార్బర్లు ఎలాగూ అరిగిపోయే వస్తువులు, వాటి స్థానంలో మంచివి వేసుకోవడం సహజం. పైన చెప్పిన అమెరికన్ క్లబ్ కూడా తన కింది స్థాయి విభాగంలో షాక్ అబ్జార్బర్లను, మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్‌ను ముందో వెనకో ఒకదాన్ని మార్చుకోనిచ్చి, స్ప్రింగులను మాత్రం కంపెనీవే ఉంచమంటుంది. మన ప్రాంతానికీ ఆ పద్ధతి సరిపోతుంది. అయితే ఇక్కడ విడిగా నిషేధించాల్సింది ఒకటుంది. కారు కిందికి దిగి కనిపించాలని స్ప్రింగుల చుట్లు కోయించడం, లేదా గ్యాస్ మంటతో వేడిచేసి కుంగేలా చేయించడం. స్ప్రింగు పై చివర, కింది చివర దాని గిన్నెల్లో సరిగ్గా కూర్చోవాలి. కోసిన స్ప్రింగు కారు బరువు మీద ఉన్నంతసేపు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. చల్క నేల మీద ఒక గట్టు దాటినప్పుడు చక్రం గాల్లో వేలాడుతుంది, పొడవు తగ్గిన స్ప్రింగు వదులై గిన్నెలోంచి పక్కకు జరుగుతుంది, చక్రం తిరిగి నేలను తాకేసరికి బరువంతా వంకర స్ప్రింగు మీద పడుతుంది. వేడిచేసిన ఉక్కు కథ ఇంకా ఘోరం. దాని బిగువు ఎంత పోయిందో, ఎక్కడ విరుగుతుందో చెప్పలేం. జాకీ పెట్టి కారును పైకెత్తి, స్ప్రింగును చేత్తో తిప్పితే తిరిగిందా, ఆ కారు ఆ రోజు పరిగెత్తకూడదు. ఈ తనిఖీకి రెండు నిమిషాలు చాలు, ఇది ప్రాణాలకు సంబంధించినది. దీనికి ఏ విభాగంలోనూ మినహాయింపు ఉండకూడదు.

ఇంజిన్ దగ్గరే అసలు చిక్కు. లోపలి భాగాల సంగతి కాస్త నయం. క్యామ్ షాఫ్ట్, పిస్టన్లు, హెడ్ మార్చకూడదని రాసి, హెడ్ కవర్, ఆయిల్ ప్యాన్ బోల్టులకు రంధ్రాలు వేసి, తీగ గుచ్చి, సీలు వేస్తే సీజనంతా ఆ ఇంజిన్ తెరవలేదని తెలుస్తుంది. పెట్టుబడి లేని, పరీక్షించగలిగిన పద్ధతి. సాఫ్ట్‌వేర్ అలా కాదు. టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పంపు, ఉన్న డీజిల్ కారులో, ఒక్క బోల్టు విప్పకుండా, ల్యాప్‌టాప్‌తో గాలి ఒత్తిడినీ ఇంధనాన్నీ పెంచి బలాన్ని చెప్పుకోదగినంత పెంచవచ్చు. స్కానర్‌తో కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ గుర్తింపు సంఖ్యను చదివి అసలు దానితో పోల్చవచ్చు గానీ, తెలివైన ట్యూనర్ ఆ సంఖ్యను మార్చకుండానే లోపలి పట్టికలు మార్చగలడు. చక్రాల దగ్గర బలాన్ని కొలిచే డైనో యంత్రాన్ని ప్రతి పోటీకీ తెప్పించడం చిన్న క్లబ్బులకు తలకు మించిన పని. ఇలాంటప్పుడు ‘సాఫ్ట్‌వేర్ మార్చకూడదు’ అన్న వాక్యం కాగితం మీద బలంగా ఉంటుంది, మైదానంలో దానికి విలువుండదు.

దీనికి ఉన్న మార్గాల్లో మెరుగైనది టర్బో కార్లను, టర్బో లేని కార్లను వేరు విభాగాల్లో పెట్టడం. టర్బో లేని చిన్న పెట్రోల్ ఇంజిన్‌లో సాఫ్ట్‌వేర్ మార్పుతో దొరికే లాభం స్వల్పం. కాబట్టి అక్కడ దాన్ని అనుమతించినా ఎవరి కొంపా మునగదు. పైగా దొంగచాటు వ్యవహారం తప్పుతుంది. టర్బో విభాగంలో సాఫ్ట్‌వేర్‌కు స్వేచ్ఛ ఇచ్చి, గాలి లోపలికి వెళ్ళే దారిలో నిర్ణీత వ్యాసం గల రెస్ట్రిక్టర్ అనే బిళ్ళను బిగించమనవచ్చు. ఇంజిన్‌కు చేరే గాలికి హద్దు పడితే బలానికీ హద్దు పడుతుంది. రంధ్రం కొలవడానికి ఒక ఉక్కు గేజి చాలు. ఆ గేజి రంధ్రంలో దూరిందంటే కారు బయటికే.

ఇందులోనూ మోసానికి చోటుందని ప్రపంచ ర్యాలీ చరిత్ర చెబుతోంది. 1995లో రెస్ట్రిక్టర్ వ్యాసాన్ని 34 మిల్లీమీటర్లకు పరిమితం చేశారు. అదే ఏడాది స్పెయిన్‌లోని కాటలూన్యా ర్యాలీలో టొయోటా జట్టు దొరికిపోయింది. గాలి గొట్టాన్ని బిగించినప్పుడు రెస్ట్రిక్టర్ లోపలే కొద్దిగా జరిగి పక్కనుంచి గాలి పోయేలా, తనిఖీ కోసం విప్పితే దానంతటదే యథాస్థానానికి వచ్చేలా స్ప్రింగులతో ఏర్పాటు చేశారు. కొలిస్తే 34 మిల్లీమీటర్లు సరిగ్గా ఉండేది. జట్టు పాయింట్లన్నీ పోయాయి, 12 నెలల నిషేధం పడింది. అంతటి సంస్థ, అంతటి తనిఖీ ఉన్నచోటే అలా జరిగిందంటే, చిన్న పోటీల్లో రెస్ట్రిక్టర్‌ను నిర్వాహకులే ఇచ్చి, బిగించిన స్థితిలోనే చూసి సీలు వేయడం తప్ప వేరే దారి లేదు. పరీక్ష కూడా తేలికే. ఇంజిన్ నడుస్తుండగా ఆ రంధ్రాన్ని చదునైన పలకతో మూసేస్తే వెంటనే ఆగిపోవాలి. ఆగలేదంటే గాలి ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టే.

కనీస బరువు నిబంధన ఇంకోలా బోల్తా కొడుతుంది. పెద్ద పోటీల్లో నాలుగు చక్రాల కింద నాలుగు తూకపు పలకలు పెడతారు. ఇక్కడ సులువుగా దొరికేవి మిర్యాలగూడ రైస్‌మిల్లుల దగ్గరో, గ్రానైట్ క్వారీల దగ్గరో ఉండే లారీల కాటాలు. టన్నుల కొద్దీ సరుకు తూచేందుకు పెట్టిన కాటా మామూలుగా 10 కిలోల మెట్లలో బరువు చూపిస్తుంది. మారుతి 800 బరువు దాదాపు 650 కిలోలు. అంటే ఒక్క మెట్టు తేడాయే ఒకటిన్నర శాతం. ‘652 కిలోలకు తగ్గరాదు’ అని పుస్తకంలో రాసి ఆ కాటా మీద తూస్తే, 650 చూపించినప్పుడు నేరమా కాదా అని ఎవరు తేల్చగలరు? కనీస బరువును పదుల్లోనే రాయాలి. డ్రైవరు కూర్చుని ఉండగా తూచాలి. ఒకే రోజు అన్ని కార్లనూ ఒకే కాటా మీద నడపాలి. ఒక మెట్టు తేడాకు శిక్ష ఉండదని ముందే చెప్పాలి. మొదటి విభాగంలో స్పేర్ చక్రం, జాకీ, విడి సామాన్లు తీసేయడం మంచిదే, అవి లోపల ఎగిరితే ప్రమాదం. వెనక సీటు మాత్రం ఉండాల్సిందే. సీట్లు పీకేయడం మొదలైతే ఆ కారు మళ్ళీ కుటుంబానికి పనికిరాదు, ఔత్సాహికుడికి రెండో కారు కావాల్సి వస్తుంది.

వేరే దేశాల పుస్తకాలను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే సరిపోని చోటు ఎండ, దుమ్ము. మే నెలలో నల్లగొండలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు. 20 డిగ్రీల గాలితో పోలిస్తే ఆ గాలి 7, 8 శాతం పలుచన. టర్బో లేని ఇంజిన్ బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. బలం తగ్గడం అందరికీ సమానమే, బాధ లేదు. కానీ నెమ్మదిగా మలుపులు తిరుగుతూ ఇంజిన్‌ను గరిష్ఠ వేగంతో తిప్పే ఆటోక్రాస్‌లో పాత రేడియేటర్లు తట్టుకోలేవు. హెడ్ గాస్కెట్ పోతే ఆ రోజుతో పాటు ఆ నెల జీతమూ పోతుంది. అందువల్ల పెద్ద రేడియేటర్, అదనపు ఫ్యాన్, ఆయిల్ కూలర్ లాంటి చల్లబరిచే మార్పులను రెండో విభాగంలో పూర్తిగా వదిలేయాలి. మొదటి విభాగంలో కూడా అదే కొలత రేడియేటర్‌ను మంచి రకంతో మార్చుకోనివ్వాలి. అవి వేగాన్ని పెంచవు, ఇంజిన్‌ను కాపాడతాయి.

దుమ్ము సంగతికొస్తే, అందరూ ముందుగా చేయించే శంకువు ఆకారపు ఓపెన్ ఫిల్టర్ చల్క నేల మీద ఇంజిన్‌కు శత్రువు. కంపెనీ ఇచ్చిన పెట్టె బయటి చల్లటి గాలిని ఎత్తైన చోటి నుంచి తీసుకుంటుంది. పెట్టె తీసేసిన ఫిల్టర్ బానెట్ కింది వేడి గాలినీ, ముందు చక్రాలు లేపిన దుమ్మునూ పీలుస్తుంది. సన్నటి ఇసుక సిలిండర్ గోడలను, రింగులను గీకేస్తుంది, కొంతకాలానికి నీలిరంగు పొగ మొదలవుతుంది. చప్పుడు బాగుంటుందన్న మాట నిజమే, బలం పెరిగిందన్నది మాత్రం చాలావరకు ఆ చప్పుడు కలిగించే నమ్మకం. మట్టి పోటీల్లో కంపెనీ ఫిల్టర్ పెట్టెను తప్పనిసరి చేయడం పోటీదారులకే మేలు. సైలెన్సర్ కూడా కంపెనీదే ఉండాలి. పొలాల మధ్య మైదానం ఇచ్చిన ఊరివారు చప్పుడుకు విసిగి రెండోసారి ఇవ్వనంటే ఆట అక్కడితో ఆగుతుంది.

బ్రేకుల్లో పిసినారితనం వద్దు. ప్యాడ్లు ఏవైనా వేసుకోనివ్వాలి. బ్రేక్ ఆయిల్ మార్చడాన్ని అనుమతితో సరిపెట్టకుండా తప్పనిసరి చేయాలి. డాట్ 3, డాట్ 4 అన్నవి బ్రేక్ ఆయిల్ రకాలు. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3కి అవే అంకెలు 205, 140. మరిగితే పెడల్ నేలకు తాకుతుంది, బ్రేకు పడదు.

భద్రతా పరికరాల్లో మాత్రం ఎక్కువైతే మంచిదన్న సూత్రం పనిచేయదు. రేస్ కోసం వేసే ఉక్కు గొట్టాల రోల్ కేజ్, హెల్మెట్ పెట్టుకుని ఐదారు పట్టీల బెల్టుతో బిగించుకున్న డ్రైవరును కాపాడుతుంది. అదే కారులో సోమవారం ఉదయం హెల్మెట్ లేకుండా ఆఫీసుకు వెళ్తుంటే చిన్న ప్రమాదంలోనే తల ఆ గొట్టానికి కొట్టుకోవచ్చు. అందుకే కేజ్ ట్రాలీ కార్ల విభాగానికే పరిమితం కావాలి. ఒక్కో కారూ విడిగా పరిగెత్తే మొదటి విభాగానికి మంచి స్థితిలో ఉన్న కంపెనీ సీటు బెల్టు, బ్యాటరీకి గట్టి బిగింపు, లాగడానికి కొక్కెం, మంటలార్పే సిలిండర్, హెల్మెట్ ఉండాలి. బైకులకు వాడే, భారతీయ ప్రమాణమైన ఐఎస్ 4151 ముద్ర ఉన్న హెల్మెట్ ఏమీ లేనిదానికన్నా నయం. కార్ల రేసు కోసం చేసిన, స్నెల్ ఎస్ఏ అనే ప్రమాణానికి సరిపోయే రకానికి లోపలి గుడ్డ మంటను తట్టుకునేది, గొట్టాల దెబ్బకు పరీక్షించినది. క్లబ్ డబ్బుతో ఇలాంటివి నాలుగైదు కొని అందరికీ వంతులవారీగా ఇవ్వవచ్చు.

ఖర్చు పోటీని ఆపడానికి అమెరికా మట్టి ట్రాకుల్లో క్లెయిమ్ నిబంధన ఒకటుంది. గెలిచినవాడి ఇంజిన్‌ను నిర్ణీత ధర చెల్లించి ఇంకో పోటీదారు తీసుకోవచ్చు. ఎవరూ ఆ ధరను మించి ఖర్చు పెట్టరు. ఎంతో తెలివైన ఉపాయం. కానీ ఇక్కడ ఇంజిన్ నంబరు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంటుంది, ఇంజిన్ మారితే రవాణా కార్యాలయం అనుమతి కావాలి. కాబట్టి దాన్ని షాక్ అబ్జార్బర్లకు, చక్రాలకు మాత్రమే వర్తింపజేస్తే పనికొస్తుంది. నాలుగు షాక్ అబ్జార్బర్లకు ఒక ధర ప్రకటించి, ఆ ధరకు ఎవరడిగినా ఇచ్చి తీరాలంటే, విదేశాల నుంచి తెప్పించిన ఖరీదైన సెట్టు వేసుకుని ఎవరూ రారు. మన దేశంలో చవక రేసింగ్‌కు బాటవేసిన ఎస్. కరివర్ధన్ పట్టిన దారి వేరు. 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి కార్లు తయారుచేసి, ఊరూరా దొరికే ఇంజిన్‌తోనే రేసుకు దిగవచ్చని చూపించారు. కోయంబత్తూరు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.

ఇన్ని నిర్ణయాలూ ఒక్క వాక్యం మీద ఆధారపడతాయి. అనుమతించినట్టు పుస్తకంలో రాసి లేని మార్పు ఏదైనా నిషిద్ధమే. దీన్ని తిరగేసి, నిషేధించినవాటి జాబితా రాయడం మొదలుపెడితే ఆ జాబితాకు అంతుండదు, ప్రతి నెలా ఒక కొత్త తెలివి పుట్టుకొస్తుంది. ఒకసారి ప్రకటించిన పుస్తకాన్ని సీజన్ మధ్యలో మార్చకూడదు. భద్రతకు సంబంధించిన సవరణ ఒక్కటే మినహాయింపు.

ఫిర్యాదుల పద్ధతి కూడా అదే పుస్తకంలో ఉండాలి. ఫలితాలు గోడకు అంటించాక 30 నిమిషాల్లోపు, కాగితం మీద, ఏ నిబంధన ఉల్లంఘన జరిగిందో రాసి, డిపాజిట్ కట్టి ఇచ్చిన ఫిర్యాదునే స్వీకరించాలి. ఇంజిన్ విప్పి చూడమన్నప్పుడు విప్పి బిగించే కూలీ, గాస్కెట్ల ఖర్చు ఆ ఫిర్యాదులో ఓడినవారిదే. తప్పు తేలితే ఆ ఖర్చు కారు యజమానిది, తేలకపోతే ఫిర్యాదు చేసినవారి డిపాజిట్ లోంచి పోతుంది. విప్పే పని ఇద్దరికీ సంబంధం లేని మెకానిక్ చేతుల్లో, ఇద్దరూ నిలబడి చూస్తుండగా జరగాలి.